కోళ్లకు, చేపలకు పురుగుల మేత – పోషక విలువలు



పెంటకుప్పను కాళ్లతో గీరి పురుగులు ఏరుకు తినే కోడిని మీరంతా చూసే ఉంటారు. వాకిట్లో నూకలు చల్లినా నాలుగు గింజలు తిని మళ్లీ పెంటకుప్ప దగ్గరికే పరుగెత్తుతుంది. నూకలు, జొన్నలు కడుపు నింపుతాయి గాని, ఈక పెరగడానికి, కండ పట్టడానికి, గుడ్డు కట్టడానికి కావలసిన మాంసకృత్తులు వాటిలో తక్కువ. ఆ కొరత తీర్చుకోవడానికే కోడి పురుగు వెతుక్కుంటుంది.

ఆ పురుగునే మనం శుభ్రంగా పెంచి, ఎండబెట్టి, కోళ్లకూ చేపలకూ మేతగా వేస్తే ఎలా ఉంటుంది? ఈ ఆలోచన ఇప్పుడు చాలా దేశాల్లో ఆచరణలోకి వచ్చింది. అలాంటి పురుగులో బలమెంత, ఆ బలం ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ తగ్గుతుంది, కొనేవారు ఏమి చూసుకోవాలి అన్న సంగతులు ఈ రోజు చెప్పుకుందాం. మధ్యలో కొన్ని లెక్కలు వస్తాయి. కాగితం, కలం దగ్గర ఉంచుకుంటే మంచిది.

ముందు ఈ ఆలోచన ఎందుకు వచ్చిందో చూద్దాం. కోళ్ల పెంపకానికయ్యే ఖర్చులో 60 నుంచి 70 శాతం మేతకే పోతుంది. యానాం చుట్టుపక్కల, గంజాం తీరంలో రొయ్యలు, చేపలు పెంచేవారికీ మేతే పెద్ద ఖర్చు. ఆ మేతలో ఖరీదైనవి సోయా చెక్క, ఎండుచేపల పొడి. వీటి ధర మన చేతిలో లేదు. 2021లో సోయా చెక్క ధర ఎంతగా పెరిగిందంటే, ఆ ఆగస్టులో ప్రభుత్వం 12 లక్షల టన్నుల చెక్కను విదేశాల నుంచి దిగుమతి చేసుకోవడానికి అనుమతి ఇవ్వవలసి వచ్చింది. చేపల పొడి సంగతీ అంతే. ప్రపంచంలో ఆ పొడి ఎక్కువగా తయారయ్యేది పెరూ దేశంలో. 2023లో అక్కడి సముద్రంలో చిన్న చేపలే ఎక్కువగా కనిపించడంతో ఆ ఏడాది మొదటి వేట కాలాన్ని రద్దు చేశారు. ఎక్కడో పెరూలో వల వేయకపోతే ఇక్కడ మన చెరువు గట్టు మీద మేత సంచి ధర మారుతుంది. అందుకే దగ్గరలో దొరికే వ్యర్థాలతో మాంసకృత్తులు తయారు చేసుకునే దారి కోసం అందరూ వెతుకుతున్నారు.

ఈ రోజు మనం రెండు పురుగుల గురించి మాట్లాడుకుందాం. ఒకటి మీకు తెలిసినది. రెండోది కొత్తది.

తెలిసినది పట్టుపురుగు. చిక్కబళ్లాపురం, కోలారు, హోసూరు, కృష్ణగిరి వైపు శ్రోతలకు దీన్ని గురించి చెప్పనక్కర లేదు. శిడ్లఘట్టలో పట్టుగూళ్లు ఉడికించి దారం తీసిన తర్వాత తొట్టిలో మిగిలేది ప్యూపా. లార్వా దశ దాటి, చిమ్మటగా మారకముందు ఉండే దశ ఇది. ఒక కిలో ముడి పట్టు తీస్తే సుమారు 8 కిలోల తడి ప్యూపా మిగులుతుంది. ఎండితే అది 2 కిలోలవుతుంది.

కొత్తది ఒక ఈగ. ఇంగ్లీషులో బ్లాక్ సోల్జర్ ఫ్లై అంటారు. ఈ ప్రసంగంలో మనం దీన్ని నల్ల సిపాయి ఈగ అని పిలుచుకుందాం. పుట్టిల్లు అమెరికా ఖండాలే అయినా ఇప్పుడు వెచ్చని దేశాలన్నిటిలోనూ ఉంది. చూడడానికి చిన్న నల్ల కందిరీగలా ఉంటుంది గాని కుట్టదు, కరవదు. మన ఇంటి ఈగలా అన్నం మీద, పాల మీద వాలి రోగాలు మోసుకువచ్చే అలవాటు దీనికి లేదు. ఈగగా బతికేది కొద్ది రోజులే. తిండి అంతా లార్వా దశలోనే తింటుంది. ఆడ ఈగ కుళ్లే పదార్థం పక్కన సందుల్లో సుమారు 500 గుడ్లు పెడుతుంది. నాలుగు రోజులకు గుడ్లు పగులుతాయి. వాతావరణం వెచ్చగా, మేత తడిగా ఉంటే రెండు, రెండున్నర వారాల్లో లార్వా పూర్తిగా పెరుగుతుంది. కూరగాయల చెత్త, పళ్ల తొక్కలు, మిగిలిన అన్నం, సారా బట్టీలో మిగిలిన గింజ పిప్పి, పేడ – ఏదైనా తింటుంది. పని చక్కగా సాగిన చోట 100 కిలోల తడి వ్యర్థానికి 15 నుంచి 25 కిలోల దాకా పచ్చి లార్వా వస్తుంది.

దీన్ని మేతగా వాడి చూడడం నిన్న మొన్నటి సంగతి కాదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో హేల్ అనే శాస్త్రవేత్త 1973లోనే ఎండబెట్టిన లార్వాను కోళ్లకు పెట్టి ఫలితాలు ప్రచురించారు. 1977లో న్యూటన్ బృందం పందుల మీద పరీక్షించింది. 1994లో షెప్పర్డ్ బృందం గుడ్ల కోళ్ల షెడ్డు కింద పడే పెంట మీదే ఈ లార్వాను పెంచే పద్ధతిని వివరించింది. ఆ పెంటలో ఈ లార్వా దట్టంగా ఉంటే ఇంటి ఈగలు అక్కడ గుడ్లు పెట్టడం తగ్గుతుందని కూడా గమనించారు.

ఇక అసలు విషయం. ఈ పురుగులో ఏముంది?

నీరంతా పోయేలా ఎండబెట్టిన నల్ల సిపాయి లార్వా 100 గ్రాములు తీసుకుంటే, అందులో సుమారు 42 గ్రాముల మాంసకృత్తులు, 26 గ్రాముల కొవ్వు, 7 గ్రాములకు పైగా కాల్షియం ఉంటాయి. ఇవి సగటు లెక్కలు. మరొకసారి చెబుతాను: మాంసకృత్తులు 42, కొవ్వు 26, కాల్షియం 7. ఎండిన పట్టు ప్యూపాలో అయితే మాంసకృత్తులు సుమారు 60, కొవ్వు సుమారు 26, కాల్షియం అర గ్రాము కూడా ఉండదు. నూనె తీసేసిన ప్యూపా పొడిలో మాంసకృత్తులు 75 దాకా ఉంటాయి. పోల్చడానికి, సోయా చెక్కలో మాంసకృత్తులు సుమారు 45 నుంచి 50.

ఈ అంకెలు వినగానే సోయా చెక్క మానేసి పురుగే వేద్దామని అనిపించవచ్చు. తొందర పడకండి. ఇక్కడ నాలుగు సంగతులు అర్థం చేసుకోవాలి.

మొదటి సంగతి నీరు. పైన చెప్పిన అంకెలన్నీ ఎండిన పురుగువి. పచ్చి లార్వాలో 60 నుంచి 65 శాతం నీరే. కిలో పచ్చి లార్వా ఎండితే 350 నుంచి 400 గ్రాములు మిగులుతుంది. 350 గ్రాములే మిగిలిందనుకుందాం. అందులో మాంసకృత్తులు 42 శాతం చొప్పున సుమారు 150 గ్రాములు. కిలో సోయా చెక్కలో 450 గ్రాములు. అంటే మాంసకృత్తుల లెక్కన మూడు కిలోల పచ్చి లార్వా ఒక కిలో సోయా చెక్కకు సమానం. పచ్చి లార్వా కొనేవారు దాని ధరను మూడుతో హెచ్చవేసి, ఆ తర్వాతే సోయా చెక్క ధరతో పోల్చాలి. ఇదే మాట పట్టు ప్యూపాకూ వర్తిస్తుంది. తడి ప్యూపా నాలుగు కిలోలు ఎండితే ఒక కిలో.

రెండో సంగతి మాంసకృత్తులను కొలిచే పద్ధతి. ప్రయోగశాలలో మాంసకృత్తులను నేరుగా కొలవరు. పదార్థంలో నత్రజని ఎంత ఉందో కొలిచి, దాన్ని 6.25తో హెచ్చవేస్తారు. మాంసకృత్తులలో సుమారు 16 శాతం నత్రజని ఉంటుందన్న లెక్క మీద ఈ అంకె వచ్చింది. పురుగు దగ్గర ఈ లెక్క కొంచెం తప్పుతుంది. పురుగు చర్మంలో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. రొయ్య పెంకులో ఉండేదీ ఇదే. కైటిన్‌లోనూ నత్రజని ఉంది, కాని అది మాంసకృత్తు కాదు. కోడి దాన్ని కొంత మాత్రమే అరిగించుకోగలదు. 2017లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దీన్ని పరిశీలించి, ఇలాంటి లార్వాలకు 6.25 బదులు 4.76తో హెచ్చవేస్తే నిజానికి దగ్గరగా ఉంటుందని తేల్చారు. ఆ లెక్కన సంచి మీద 42 శాతం అని రాసి ఉంటే, అసలు మాంసకృత్తులు సుమారు 32 శాతమే. సంచి మీద రాసింది అబద్ధం కాదు, కాని కోడి ఒంటికి పట్టేది అంత ఉండదు. మేత పాళ్లు వేసుకునేటప్పుడు ఈ తేడా మనసులో ఉంచుకోవాలి.

మూడో సంగతి మాంసకృత్తుల నాణ్యత. మాంసకృత్తులు అంటే ఒకే వస్తువు కాదు. ఆమినో ఆమ్లాలు అనే ఇరవై రకాల చిన్న ముక్కల కూర్పు అది. నేత నేసేవారికి ఇది సులభంగా తెలుస్తుంది. పడుగు ఎంత పొడవున్నా పేక అయిపోతే బట్ట అక్కడే ఆగుతుంది. అలాగే ఒక్క ఆమినో ఆమ్లం చాలకపోతే మిగిలినవి ఎంత ఉన్నా కండ పెరుగుదల అక్కడే ఆగుతుంది. మొక్కజొన్న, సోయా కలిపిన కోడి మేతలో ముందుగా కొరత పడేది మెథియోనిన్. దాని తర్వాతది లైసిన్. సోయా మాంసకృత్తులు 100 గ్రాములలో మెథియోనిన్ సుమారు 1.3 గ్రాములు. నల్ల సిపాయి లార్వాలో సుమారు 2. పట్టు ప్యూపాలో 3.5. లైసిన్ మూడింటిలోనూ ఆరు, ఏడు గ్రాముల దగ్గరే ఉంటుంది. అంటే సోయాకు తక్కువైన పేకను ఈ పురుగులు, ముఖ్యంగా పట్టు ప్యూపా, అందిస్తాయి. అందువల్ల సోయా పూర్తిగా మానేయడం కన్నా, సోయాతో కొంత పురుగు కలపడమే మేలైన పద్ధతి.

నాలుగో సంగతి అన్నిటికన్నా ముఖ్యం. పురుగు బలం అది తిన్న మేతలోనే ఉంది. ఒకే జాతి ఈగ, ఒకే వయసు లార్వా. అయినా మేత మారితే శరీరం మారుతుంది. కోళ్ల పెంట మీద పెరిగిన నల్ల సిపాయి లార్వాలో కొవ్వు 15 నుంచి 25 శాతం. పశువుల పేడ మీద పెరిగితే 35 దాకా. నూనె ఎక్కువున్న హోటల్ వ్యర్థాల మీద పెరిగితే 42 నుంచి 49 శాతం దాకా వెళ్లింది. కొవ్వు పెరిగితే ఆ మేరకు మాంసకృత్తుల పాలు తగ్గుతుంది. కొవ్వు ఎంత అన్నదే కాదు, ఎలాంటి కొవ్వు అన్నదీ మేతను బట్టే ఉంటుంది. 2007లో అమెరికాలో పేడకు చేపల వ్యర్థం కలిపి లార్వాకు పెట్టారు. ఆ లార్వా కొవ్వులో, పేడ మాత్రమే తిన్న లార్వాలో దాదాపు లేని ఒమేగా–3 కొవ్వులు కనిపించాయి. సముద్రపు చేపలను పెంచేవారికి ఈ కొవ్వులే కావాలి.

పట్టుపురుగు కూడా ఇదే మాట చెబుతుంది. అది తినేది మల్బరీ ఆకు ఒక్కటే. ఆకులో ఉండే లినోలెనిక్ ఆమ్లం అనే పలుచని కొవ్వు దాని ఒంట్లో చేరుతుంది. ప్యూపా నూనెలో నాలుగో వంతుకు పైగా అదే. ఒంటికి మంచిదే, కాని గాలి తగిలితే త్వరగా పాడై పాత నూనె వాసన కొడుతుంది. నల్ల సిపాయి లార్వా కొవ్వులో ఎక్కువగా ఉండేది లారిక్ ఆమ్లం. మన కొబ్బరి నూనెలో ఉండేది ఇదే. ఇది గట్టి రకం కొవ్వు కాబట్టి అంత త్వరగా పాడవదు. ఒక కొవ్వు నిలవ ఉండదు, ఇంకొకటి ఉంటుంది. రెండు పురుగులకూ ఒకే పద్ధతి పనికిరాదన్న మాట.

ఇక కాల్షియం. నల్ల సిపాయి లార్వా తన చర్మంలో సున్నం కూర్చుకుంటుంది. అందుకే దానిలో కాల్షియం అంత ఎక్కువ. ఇంటి ఈగ పురుగులోగాని, పట్టు ప్యూపాలోగాని ఇది లేదు. గుడ్ల కోడికి ఇది వరం. గుడ్డు పెంకు కట్టడానికి దాని మేతలో మూడున్నర నుంచి నాలుగు శాతం కాల్షియం కావాలి. కోడిపిల్లకు ఒక శాతం చాలు. ఇప్పుడు లెక్క చూడండి. 100 కిలోల మేతలో 10 కిలోల ఎండు లార్వా కలిపితే, అందులోనే 700 గ్రాముల కాల్షియం వచ్చేసింది. పిల్లల మేతకు కావలసింది మొత్తం ఒక కిలో. ఆ సంగతి చూసుకోకుండా అలవాటు ప్రకారం సున్నపురాయి పొడి కూడా పూర్తిగా వేస్తే కాల్షియం మితిమీరి పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఎదుగుదల ఆగుతుంది. కాబట్టి పిల్లల మేతలో లార్వా కలిపినప్పుడు సున్నపు పొడి తగ్గించాలి. భాస్వరం మాత్రం ఈ లార్వాలో ఒక శాతం లోపే. దాన్ని విడిగా సరిచూసుకోవాలి.

పురుగు వయసు కూడా లెక్కలోకి వస్తుంది. లార్వా పెరిగే కొద్దీ కొవ్వు కూడబెట్టుకుంటుంది. పూర్తిగా పెరిగాక తిండి మానేసి, రంగు మారి, నల్లబడి, పొడి చోటు వెతుక్కుంటూ తనంతట తానే తొట్టి ఎక్కి బయటికి వస్తుంది. ఏరుకోవడం సులభం కాబట్టి చాలామంది ఈ దశలో తీస్తారు. అయితే అప్పటికి చర్మం గట్టిపడి కైటిన్ పెరుగుతుంది. అరుగుదల తగ్గుతుంది. ఒళ్లు ఇంకా మీగడ రంగులో, మెత్తగా ఉన్నప్పుడే తీస్తే మేతకు మేలు. నల్లబడిన వాటిలో కొన్నిటిని మళ్లీ ఈగలు కావడానికి విత్తనంగా ఉంచుకోవచ్చు.

తీసిన తర్వాత ఏం చేస్తారన్న దాని మీద సగం నాణ్యత ఆధారపడి ఉంటుంది. తీయడానికి ఒక రోజు ముందు మేత ఆపితే పేగుల్లోని మురికి పోతుంది. తర్వాత కడిగి, మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు వేసి తీయాలి. ఇలా చేస్తే లార్వా వెంటనే చనిపోతుంది, పైనున్న సూక్ష్మజీవులు చాలా వరకు తగ్గుతాయి, కొవ్వును పాడుచేసే ఎంజైములు ఆగిపోతాయి. అలా కాకుండా బతికున్న లార్వాను ఎండలో పరిచి మెల్లగా చంపితే, ఎంజైములు పని చేస్తూనే ఉండి కొవ్వు విడిపోతుంది, రంగు నల్లబడుతుంది. ఎండబెట్టడంలోనూ మితం ఉండాలి. పెనం మీద మాడిస్తే లైసిన్ దెబ్బతింటుంది. విరిస్తే పుటుక్కున విరిగేంత ఎండితే చాలు. గాలి చొరని డబ్బాలో నీడన నిలవ చేయాలి.

రీలింగ్ కేంద్రాల దగ్గరి శ్రోతలకు ప్రత్యేకంగా ఒక మాట. తొట్టిలోంచి తీసిన తడి ప్యూపాను కుప్ప పోసి ఉంచితే మర్నాటికే కుళ్లు మొదలవుతుంది. ఆ కంపు మీకు తెలుసు. అదే రోజు పలుచగా పరిచి ఎండబెట్టిన ప్యూపాకూ, మూడు రోజులు కుప్పలో ఉండి తర్వాత ఎండిన ప్యూపాకూ చూపులో పెద్ద తేడా ఉండకపోవచ్చు. మేతగా వాడితే తేడా తెలుస్తుంది. కొవ్వు పాడైన ప్యూపా ఎక్కువగా పెడితే చేప మాంసానికి, కోడి గుడ్డుకు వాసన పడుతుంది. కొన్నవారు మళ్లీ మీ దగ్గరికి రారు. నూనె తీసేసిన ప్యూపా పొడి దొరికితే నిలవకు అదే మేలు. తీసిన నూనె సబ్బుల తయారీకి పనికి వస్తుంది.

ఇప్పుడు ప్రమాదాల సంగతి. ఇందులో మొహమాటం పనికిరాదు.

చచ్చిన కోళ్ల మీద, కుళ్లిన మాంసం మీద పుట్టిన పురుగును కోళ్లకు ఎప్పుడూ వేయకండి. కుళ్లిన శవంలో బాట్యులిజం అనే జబ్బు కలిగించే విషం పుడుతుంది. ఆ పురుగు తిన్న కోడికి రెక్కలు, కాళ్లు, మెడ పట్టు తప్పి, మెడ నేల మీద వాల్చేస్తుంది. చాలా వాటిని బతికించడం కష్టం. పెంట మీది ఇంటి ఈగ పురుగు ద్వారా కోళ్లకు బద్దె పురుగులు కూడా సోకవచ్చు.

నల్ల సిపాయి లార్వా తాను తిన్న మేతలోని కొన్ని సూక్ష్మజీవులను తగ్గిస్తుంది. బూజు పట్టిన గింజలోని అఫ్లాటాక్సిన్ విషాన్ని తన ఒంట్లో కూడబెట్టుకోదని పరీక్షల్లో తేలింది. కాని కాడ్మియం అనే భారలోహాన్ని మాత్రం కూడబెట్టుకుంటుంది. పట్నం చెత్త, కర్మాగారాల మురికి కలిసిన వ్యర్థాల మీద పెంచితే ఆ లోహం లార్వాలోకి, లార్వా నుంచి కోడిలోకి, కోడి నుంచి మన పళ్లెంలోకి వస్తుంది. ఐరోపా దేశాల్లో ఈ జాగ్రత్తతోనే చట్టం చేశారు. అక్కడ 2017లో చేపల మేతకు, 2021లో కోళ్ల, పందుల మేతకు పురుగు మాంసకృత్తులను అనుమతించారు. అయితే ఆ పురుగులను పేడ మీద, హోటళ్ల ఎంగిలి మీద పెంచడానికి వీలు లేదు. పెంపకపు పురుగును కూడా పశువుగానే లెక్కించి, పశువుకు పెట్టకూడనిది దానికీ పెట్టకూడదన్నారు. పేడ మీద పెంచితే ఖర్చు తక్కువే. కాని మేత కోసం పెంచేవారు కూరగాయల వ్యర్థం, గింజ పిప్పి, తవుడు వంటి శుభ్రమైన వాటికే కట్టుబడి ఉండడం క్షేమం.

ఆవులకు, గేదెలకు, మేకలకు ఈ మేత వద్దు. అవి గడ్డి తినే పశువులు. ఇది కోళ్లకు, బాతులకు, చేపలకు, రొయ్యలకు, పందులకు సంబంధించిన మాట.

ఎంత పాలు కలపాలి? బ్రాయిలర్ల మీద చేసిన చాలా పరీక్షల్లో, ఎండు లార్వా పొడి మేతలో 5 నుంచి 10 శాతం దాకా కలిపితే ఇబ్బంది కనిపించలేదు. 15 శాతం దగ్గరికి వెళ్లేసరికి తిన్న మేతకు తగ్గ బరువు రాని సందర్భాలున్నాయి. చేపలకు ఎండుచేపల పొడిలో కొంత భాగం బదులు వాడవచ్చు. మొత్తం మాన్పించి ఇదే పెడితే ఎదుగుదల తగ్గిన జాతులు ఉన్నాయి. మొదట 5 శాతంతో మొదలుపెట్టండి. రెండు వారాలు బరువు, గుడ్లు, రెట్ట గమనించి ఆ తర్వాత పెంచండి. రాయగడ, కొరాపుట్, సిరొంచ వైపు పది, పదిహేను నాటుకోళ్లు పెంచుకునే అక్కచెల్లెళ్లకు ఇంత లెక్క అవసరం లేదు. బయట తిరిగి మేసే కోడికి రోజూ చారెడు శుభ్రమైన లార్వా వేస్తే, గింజలతో తీరని కొరత తీరుతుంది. గింజలు మాత్రం మానేయవద్దు.

చివరిగా, కొనేవారికి. లార్వా పొడి గాని, పెంపకం సామాను గాని అమ్మడానికి ఎవరైనా వచ్చి, ఇందులో ఇంత శాతం మాంసకృత్తులున్నాయని చెబితే, వెంటనే డబ్బు తీయకండి. అయిదు ప్రశ్నలు అడగండి. రాసుకోండి. ఒకటి, ఈ పురుగు ఏం తిని పెరిగింది? రెండు, ఏ వయసులో తీశారు? మూడు, ఎలా చంపి ఎలా ఎండబెట్టారు? నాలుగు, మీరు చెప్పే శాతం పచ్చి పురుగుకా, ఎండు పురుగుకా? అయిదు, కొవ్వు, కాల్షియం, కాడ్మియం ఎంతెంత ఉన్నాయో పరీక్ష కాగితం ఉందా? సరైన సరుకు అమ్మేవారు ఈ ప్రశ్నలకు విసుక్కోరు. సరుకు మీద అనుమానం ఉంటే ఒక గుప్పెడు నమూనా తీసి పరీక్షకు పంపండి. నామక్కల్ పశువైద్య కళాశాలలో మేతలు పరీక్షించే ప్రయోగశాల ఉంది. మిగిలిన ప్రాంతాల వారు దగ్గరి పశువైద్య కళాశాలనో, కృషి విజ్ఞాన కేంద్రాన్నో అడగవచ్చు. అప్పు చేసి వంద తొట్లు కొనేముందు ఒక్క తొట్టితో, మీ ఇంటి కూరగాయల తొక్కలతో, ఒక కాలం పెంచి చూడండి. పురుగు మీకు అలవాటవుతుంది, కోడి ఏమంటుందో కూడా తెలుస్తుంది.

పురుగు మేత మంచిదా, చెడ్డదా అని అడిగితే ఒక్క మాటలో జవాబు లేదు. మంచి మేత తిని, సరైన వయసులో తీసి, జాగ్రత్తగా ఎండబెట్టిన పురుగు సోయా చెక్కకు మంచి తోడు. మురికి తిని, కుళ్లి, మాడిన పురుగు సంచి మీద ఏ అంకె ఉన్నా నష్టమే. కోడికి మనం పెట్టేది పురుగునే అయినా, నిజానికి పెడుతున్నది ఆ పురుగు తిన్న దాన్ని. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మీ డబ్బు, మీ కోళ్లు, మీ ఇంటిల్లిపాది ఆరోగ్యం మూడూ క్షేమంగా ఉంటాయి.